మాన్యువల్ కారులో ఏ గేర్ ఎప్పుడు? శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు, లైసెన్సు ఎప్పుడో తీసుకుని ఇన్నాళ్లకు కారు కొన్నవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకా జవాబు విడిగానే అర్థమవుతుంది. ఇందులో చెప్పిన వేగాలు అయిదు గేర్ల చిన్న పెట్రోలు కారుకి ఉజ్జాయింపు లెక్కలు. మీ బండితో వచ్చిన పుస్తకంలో వేరే అంకెలుంటే వాటినే పాటించండి.

## నేర్చుకుంటున్న రోజుల్లో

ఏ స్పీడుకి ఏ గేర్ వెయ్యాలి? ఒక లెక్క చెప్పండి.

కదలడానికి ఫస్ట్. 15 దాటగానే సెకండ్, 30 దగ్గర థర్డ్, 45 దగ్గర ఫోర్త్, 60 - 65 దాటాక ఫిఫ్త్. ఇది చదును రోడ్డు మీద, ఇద్దరు మనుషులున్న బండికి. అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను కూడా ఉంటే ప్రతి గేర్‌లోనూ ఇంకొంచెం స్పీడు అందుకున్నాకే పై గేర్‌కి వెళ్లాలి. ఎత్తు ఎక్కుతుంటే మరీనూ. 40 స్పీడులో చదును మీద థర్డ్ హాయిగా నడుస్తుంది, అదే 40కి ఘాట్ రోడ్డులో సెకండ్ కావాల్సి రావచ్చు. మీటరులో అంకె సగం సంగతే చెబుతుంది. ఇంజిన్ మీద ఎంత భారం పడుతోందన్నది మిగతా సగం, గేర్‌ని ఎక్కువగా నిర్ణయించేది అదే.

మా బండికి ఆర్‌పీఎం మీటరు లేదు. గేర్ మార్చాలని ఎలా తెలుస్తుంది?

ఆర్‌పీఎం మీటరంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపించేది. అది లేకపోయినా చెవి, కాలు రెండూ చెబుతాయి. గేర్ మరీ తక్కువైతే ఇంజిన్ గోల పెడుతుంది, కానీ ఆ గోలకి తగ్గట్టు స్పీడు పెరగదు. గేర్ మరీ ఎక్కువైతే గుడగుడమని బరువుగా మూలుగుతుంది, సీటులోనూ గేర్ రాడ్డులోనూ వణుకు తెలుస్తుంది, యాక్సిలరేటర్ నొక్కినా బండి కదిలినట్టు ఉండదు. ఈ రెండో గుర్తును చాలామంది పట్టించుకోరు. ఇంజిన్‌కి ఎక్కువ చెరుపు చేసేది ఇదే. ఓ ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు దించి నడిపి చూడండి, తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఆర్‌పీఎం మీటరు ఉన్నవాళ్లు మామూలు ప్రయాణంలో పెట్రోలు బండిని 2000 - 2500 మధ్య, డీజిల్ బండిని 1500 - 2000 మధ్య పై గేర్‌కి మారిస్తే సరిపోతుంది.

ఫస్ట్ గేర్‌లో బండి పదే పదే ఆగిపోతోంది. నాకు డ్రైవింగ్ రాదేమో అనిపిస్తోంది.

తప్పకుండా వస్తుంది. బియ్యం బస్తాలేసిన తోపుడు బండికి మొదటి తోపే కష్టం, కదిలాక సులువు. కారూ అంతే. ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, క్లచ్ నెమ్మదిగా వదలండి. ఒక చోట ఇంజిన్ శబ్దం కాస్త దిగి, బానెట్ కొద్దిగా లేచినట్టు తెలుస్తుంది. అదే హాఫ్ క్లచ్. కాలు అక్కడే ఆపండి. బండి కదిలి చక్రాలు ఒక చుట్టు తిరిగేదాకా ఆపి, అప్పుడు పూర్తిగా వదలండి. చాలామంది బండి కదిలీ కదలగానే సంతోషంలో కాలు తీసేస్తారు, ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కదానితోనే బండిని కదిలించడం పెద్ద గ్రౌండులో సాధన చేస్తే కాలికి ఆ చోటు అలవాటైపోతుంది.

సెకండ్ గేర్‌లోనే కదిలించొచ్చా?

చదును మీద వద్దు. హాఫ్ క్లచ్ ఎక్కువసేపు పట్టాల్సి వస్తుంది, క్లచ్ ప్లేటు అరిగిపోతుంది. బురదలోనో పల్లంలోనో ఉన్నప్పుడు మాత్రం పర్వాలేదు.

రివర్స్ వేస్తుంటే కర్రుమంటోంది. గేర్ బాక్స్ పోయిందా?

చాలావరకు పోలేదు. ముందుకి వెళ్లే గేర్లకు పళ్లు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది, చాలా కార్లలో రివర్స్‌కి అది ఉండదు. అందుకే బండి పూర్తిగా ఆగాకే, క్లచ్ అడుగుదాకా తొక్కి, ఒకటి రెండు సెకన్లు ఆగి రివర్స్ వెయ్యాలి. అప్పటికీ పడకపోతే న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ ఒకసారి వదిలి, మళ్లీ తొక్కి వెయ్యండి. బలవంతంగా నెట్టకండి. ఇంత జాగ్రత్తగా వేసినా ప్రతిసారీ కర్రుమంటుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో మెకానిక్‌కి చూపించండి.

లైసెన్సు టెస్టులో గేర్ల గురించి ఏం చూస్తారు?

కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లో 15వ నిబంధన ఈ టెస్టు గురించే. అవసరమైనప్పుడు పై గేర్ నుంచి కింది గేర్‌కి చురుగ్గా మార్చడం, పల్లం దిగేటప్పుడు కింది గేర్‌కి రావడం, ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం ఇందులో ఉన్నాయి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చాక 30 రోజులు ఆగాలి కదా, ఆ రోజుల్ని గ్రౌండులో ఎనిమిది అంకె తిప్పడంతోనే సరిపెట్టకండి. ఎత్తు మీద ఆపి కదిలించడం బాగా సాధన చెయ్యండి. టెన్షన్‌లో ముందు తడబడేది అక్కడే.

## ఊళ్లో నడిపేటప్పుడు

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆటోల మధ్య పాక్కుంటూ వెళ్లేటప్పుడు ఫస్టా, సెకండా?

బండి ఆగకుండా 10 - 15 స్పీడులో కదులుతూ ఉంటే సెకండ్. మనిషి నడక వేగానికి తగ్గిపోయినా, ఒకసారి పూర్తిగా ఆగినా ఫస్ట్. సెకండ్‌లో ఉండి క్లచ్ సగం నొక్కి ఈడ్చుకెళ్లడం శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ చాలామందికి అలవాటు. బండి ఆగిపోదు నిజమే, ఆ పూట ఖర్చంతా క్లచ్ ప్లేటు భరిస్తుంది. ముందు బండి కదిలిన ప్రతిసారీ వెంటనే కదలకుండా రెండు మీటర్లు ఖాళీ వదిలి, ఆ ఖాళీని ఫస్ట్‌లో క్లచ్ పూర్తిగా వదిలి నడిపితే కాలికీ హాయి, బండికీ హాయి.

రథసప్తమి నాడు అరసవల్లి రోడ్డులో అరగంట ఇరుక్కుంటే క్లచ్ కాలిన వాసన వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

వాసన వచ్చినప్పుడు బండిని పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. ఒక్కసారి వాసన వచ్చినంత మాత్రాన ప్లేటు పోయినట్టు కాదు. ఆ తర్వాత బండి మామూలుగా లాగుతుంటే కంగారు లేదు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజైనా, అరసవల్లిలో రథసప్తమి అయినా, అంత జనంలో కారు తీసుకెళ్లకుండా ఊరి బయట ఆపుకుని నడిచి వెళ్లడమే మేలని నా అభిప్రాయం. చిన్నపిల్లలు, ముసలివాళ్లు బండికి ఆనుకునే నడుస్తుంటారు. కాలు ఒక్క అంగుళం తప్పినా ప్రమాదం వాళ్లకే.

ఎత్తు బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగితే నా బండి వెనక్కి జారుతోంది. వెనక బైకులు. భయమేస్తోంది.

హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోండి. ఆగగానే హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ వేసుకుని ఉండండి. కదలాల్సినప్పుడు యాక్సిలరేటర్ మామూలు కంటే కాస్త ఎక్కువిచ్చి, క్లచ్ హాఫ్‌కి తేవాలి. బండి ముందుకి పోవాలని గుంజుతుంది, వెనక భాగం కొద్దిగా కుంగుతుంది. అది తెలిశాకే హ్యాండ్ బ్రేక్ దించండి. ఒక్క అంగుళం కూడా జారదు. హాఫ్ క్లచ్‌తోనే బండిని ఎత్తు మీద నిలబెట్టి ఉంచడం మాత్రం వద్దు. చూడ్డానికి నేర్పుగా ఉంటుంది గానీ ప్లేటు వేడెక్కిపోతుంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏ గేర్?

ముందే బ్రేక్‌తో తగ్గించి, దిబ్బ రాకముందే సెకండ్‌లోకి వచ్చెయ్యాలి. ఊళ్లవాళ్లు సొంతంగా పోసుకున్న ఎత్తయిన దిబ్బలైతే దాదాపు ఆపి ఫస్ట్‌లో ఎక్కించండి. చక్రం దిబ్బ మీద ఉండగా గేర్ మార్చకండి.

రోడ్డు మీద ఉలవ కట్టె, వరి ఆరబోసి ఉంటే ఎలా వెళ్లాలి?

కోతల రోజుల్లో పల్లె రోడ్ల మీద తప్పదు. మన మీద నమ్మకంతోనే పరిచారు కాబట్టి విసుక్కోకుండా సెకండ్‌లో, ఒకే స్పీడులో, బ్రేక్ కొట్టకుండా దాటండి. ఎండిన కట్టె మీద టైర్లు జారతాయి. దాటాక కాస్త దూరంలో ఆపి బండి కిందకి వంగి చూడటం అవసరం: సైలెన్సర్ గొట్టానికి చుట్టుకున్న గడ్డి వేడికి అంటుకుని పొగ రావచ్చు. గొట్టం వేడిగా ఉంటుంది, చేత్తో కాకుండా కర్రతో లాగెయ్యండి.

మలుపులో గేర్ మార్చొచ్చా?

మలుపుకి ముందే బ్రేక్, ముందే గేర్. మలుపులో రెండు చేతులూ స్టీరింగ్ మీద, క్లచ్ వదిలేసి, బండి గేర్‌లో ఉండాలి. మామూలు వీధి మలుపుకి సెకండ్ చాలు.

## హైవే మీద

బొబ్బిలి రోడ్డులో లారీ వెనక 50లో వెళ్తూ ఓవర్‌టేక్ చెయ్యబోతే బండి లాగడం లేదు. ఇంజిన్‌లో లోపమా?

లోపం ఎక్కువసార్లు గేర్‌లోనే. ఫిఫ్త్‌లో 50 అంటే ఇంజిన్ నిదానంగా తిరుగుతోంది, దాని బలం ఇంకా పైన ఉంది. ఎంత తొక్కినా స్పీడు మెల్లగా పెరుగుతుంది. ఈలోగా ఎదురుగా వచ్చేది దగ్గరైపోతుంది. రెండు వరసల రోడ్డు మీద ఇదే ప్రాణాంతకం. లారీ వెనక ఉన్నప్పుడే, ఇంకా బయటికి రాకముందే, థర్డ్ వేసుకోండి. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, కంగారు పడకండి, అప్పుడే దానికి బలం వచ్చింది. రోడ్డు దూరం దాకా ఖాళీగా కనిపిస్తే, అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి దాటండి. మీ వరసలోకి తిరిగొచ్చాకే ఫోర్త్, ఫిఫ్త్. లారీకి మరీ ఆనుకుని వెళ్లకండి, ఆనుకుంటే ముందు ఏముందో కనబడదు. నాలుగు వరసల హైవే మీద 80లో ఉన్నవాళ్లకు ఫోర్త్‌కి దిగితే చాలు.

మడపాం టోల్‌గేట్ దగ్గర ఫిఫ్త్ నుంచి ఒక్కొక్క గేరూ దించాలా, నేరుగా సెకండ్ వెయ్యొచ్చా?

బ్రేక్‌తో స్పీడు తగ్గించి, 25 దగ్గరికి వచ్చాక నేరుగా సెకండ్ వెయ్యొచ్చు. అన్ని గేర్లూ వరసగా దిగాలని నియమం లేదు. కానీ స్పీడు ఇంకా 80లో ఉండగా సెకండ్ పడితే మాత్రం చాలా నష్టం: చక్రాలు ఇంజిన్‌ని ఆర్‌పీఎం మీటరులోని ఎర్ర గీత దాకా, ఒక్కోసారి దాన్ని దాటి కూడా తిప్పేస్తాయి, ముందు చక్రాలు పట్టు తప్పొచ్చు. ఫిఫ్త్ నుంచి ఫోర్త్‌కి లాగుతూ చెయ్యి ఎడమకి ఒరిగి సెకండ్‌లో పడటం కొత్తవాళ్లకు జరిగే పనే. గేర్ మార్చాక క్లచ్ ఒక్కసారిగా వదలకుండా మెల్లగా వదిలే అలవాటుంటే ఇంజిన్ కేక వినగానే మళ్లీ తొక్కెయ్యొచ్చు.

తక్కువ స్పీడులోనే టాప్ గేర్ వేస్తే మైలేజీ బాగా వస్తుందట కదా?

ఇంజిన్ ఇబ్బంది పడనంతవరకు నిజమే. 65లో చదును మీద థర్డ్ కంటే ఫిఫ్త్‌కే పెట్రోలు తక్కువ పడుతుంది. కానీ 40లో ఫిఫ్త్ వేసి నడిపితే స్పీడు నిలబెట్టడానికి యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాల్సి వస్తుంది. మిగిలేది ఏమీ ఉండదు, పైగా పిస్టన్ల మీద, గేర్ బాక్స్ మీద వణుకు భారం పడుతుంది. టర్బో పెట్రోలు ఇంజిన్లకు ఇది మరింత చెడ్డది.

## ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

ఎస్.కోట నుంచి అరకు ఎక్కేటప్పుడు ఏ గేర్‌లో వెళ్లాలి?

ఎక్కువ భాగం సెకండ్, థర్డ్. వెడల్పుగా, తిన్నగా ఉన్న చోట్ల థర్డ్. ముడి మలుపు కనబడగానే, బండి ఇంకా స్పీడులో ఉండగానే సెకండ్‌లోకి రావాలి. బండి మూలిగేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది: ఎత్తు మీద స్పీడు నిమిషాల్లో కాదు, క్షణాల్లో పడిపోతుంది, గేర్ మార్చేలోపే బండి ఇంకా నెమ్మదించి ఫస్ట్ అడుగుతుంది. అడిగితే ఇచ్చెయ్యండి, ఫస్ట్ వెయ్యడం నామోషీ కాదు. చిన్న ఇంజిన్ కారులో అయిదుగురుంటే నిటారు మలుపుల్లో ఏసీ ఆపితే తేడా బాగా తెలుస్తుంది. ఇంజిన్ వేడి ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి. డముకు వ్యూ పాయింట్ దగ్గర ఎలాగూ ఆగుతారు, అక్కడ బానెట్ తెరవకుండా ఇంజిన్‌కి కూడా కాసేపు విశ్రాంతి ఇవ్వండి.

దిగేటప్పుడు ఏ గేర్?

ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. సెకండ్‌లో ఎక్కిన చోటు సెకండ్‌లోనే దిగాలి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే చక్రాలను పట్టి ఉంచుతుంది, బ్రేక్ అవసరం తగ్గుతుంది. సరైన గేర్‌లో ఉన్నారనడానికి గుర్తు: మలుపుల మధ్య బ్రేక్ అప్పుడప్పుడు మాత్రమే తొక్కుతారు. కాలు బ్రేక్ మీదే ఉండిపోతోందంటే ఇంకో గేర్ కిందికి దిగాలి. బ్రేక్‌ని ఒత్తి పట్టుకుని ఉంచకుండా, కాస్త గట్టిగా తొక్కి స్పీడు తగ్గించి పూర్తిగా వదిలెయ్యండి, మళ్లీ పెరిగితే మళ్లీ తొక్కండి. మధ్యలో చల్లారడానికి బ్రేకులకు సమయం దొరుకుతుంది.

పల్లంలో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని మా మావయ్య అంటారు. ఏళ్ల తరబడి అలాగే నడిపారట.

మావయ్యగారు నేర్చుకున్న రోజుల్లో కార్బురేటర్ బళ్లు. ఆ బళ్లలో గేర్‌లో దిగినా పెట్రోలు కొంత పోయేది, కాబట్టి ఆ మాటకు అప్పట్లో కాస్త ఆధారం ఉంది. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో లెక్క తిరగబడింది. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది, పెట్రోలు చుక్క కూడా పడదు. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా తిరగాలి కాబట్టి పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. అంటే పొదుపు కోసం చేసే పనే ఖర్చు పెడుతోంది.

అసలు ప్రమాదం పెట్రోలు కాదు, బ్రేకులు. న్యూట్రల్‌లో ఒక టన్ను బండిని ఆపే పని మొత్తం బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది. సాలూరు దాటి సుంకి వైపు వెళ్లే ఘాట్ లాంటి చోట్ల కొన్ని కిలోమీటర్ల పల్లం ఆగకుండా ఉంటుంది. ప్యాడ్లు కాలి పట్టు తగ్గుతుంది. వేడి ఇంకా పెరిగితే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొస్తాయి. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది, బండి ఆగదు. అంత స్పీడులో న్యూట్రల్ నుంచి గేర్‌లోకి తేవడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. కొందరు ఇంకో అడుగు ముందుకేసి తాళం తిప్పి ఇంజిన్ కూడా ఆపేస్తారు. దయచేసి ఎప్పుడూ ఆ పని చెయ్యకండి: పవర్ స్టీరింగ్ పోతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేక్‌ని తేలిక చేసే బూస్టర్ సాయం పోతుంది, తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ లాక్ పడిపోవచ్చు. పెద్దవాళ్ల మాట కాదనడం ఇబ్బందే. "బండి మారింది మావయ్యా, పద్ధతీ మారింది" అని గౌరవంగానే చెప్పొచ్చు.

దిగుతుండగా బ్రేక్ పట్టడం లేదనిపిస్తే?

పెడల్‌ని వెంటవెంటనే తొక్కుతూ వదులుతూ ఉండండి, కొంత పట్టు తిరిగి రావచ్చు. దాంతోపాటే గేర్ ఒక్కొక్కటే దించండి. హ్యాండ్ బ్రేక్ ఒక్కసారిగా కాకుండా బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. హారన్, లైట్లు వేసి లోయ వైపు కాకుండా కొండ వైపు ఉండండి. ఆగాక అరగంటైనా చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పొయ్యకండి, వేడి డిస్కులు వంకర పోతాయి. పెడల్ మళ్లీ గట్టిపడినా మెకానిక్‌కి చూపించకుండా ఘాట్ దిగొద్దు.

ఇరుకు ఘాట్‌లో ఎదురుగా లారీ వస్తే ఎవరు ఆగాలి?

దిగేవాళ్లు. రోడ్డు నిబంధనల ప్రకారం ఎక్కే బండికే ముందు దారి. లోడుతో ఎక్కుతున్న లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడానికి ఎంత కష్టమో సాలూరు లారీ డ్రైవర్లని అడిగితే చెబుతారు.

## వాన, బురద, ఇసుక

రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉంటే ఏ గేర్‌లో దాటాలి?

నిలిచిన నీళ్లు చక్రంలో సగం కంటే తక్కువున్నాయని ఖాయంగా తెలిస్తేనే దిగండి. ఫస్ట్ గేర్, ఇంజిన్ శబ్దం కాస్త పైన, స్పీడు నెమ్మది. మధ్యలో గేర్ మార్చొద్దు, యాక్సిలరేటర్ వదలొద్దు. మధ్యలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకండి, సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే లోపలి రాడ్లు వంగిపోతాయి. నెట్టి బయటికి తెచ్చుకోవడమే. దాటాక బ్రేక్ రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోండి. వంశధార, నాగావళి పొంగి కాజ్‌వే మీదుగా నీళ్లు పారుతుంటే మాత్రం ఏ గేరూ లేదు, వెనక్కి తిరిగిపోవాలి. అడుగు లోతు పారే నీళ్లు చాలు, చిన్న కారును పక్కకి లాగెయ్యడానికి.

కళింగపట్నం బీచ్‌లో ఇసుకలో చక్రం దిగబడింది. ఫస్ట్‌లో ఎంత తొక్కినా ఇంకా దిగుతోంది.

తొక్కడం ఆపండి. ఫస్ట్‌లో చక్రానికి బలం ఎక్కువ, అందుకే గిర్రున తిరిగి గొయ్యి తవ్వేస్తుంది. చక్రాల ముందు ఇసుక చేత్తో తీసి, కొమ్మలు గానీ కాళ్ల కింది మ్యాట్లు గానీ వేసి, టైర్లలో గాలి కొంత తగ్గించి, సెకండ్‌లో చాలా మెల్లగా కదిలించండి. వచ్చిన దారినే రివర్స్‌లో బయటికి రావడం ఇంకా సులువు. మ్యాట్ చక్రం కింద నుంచి విసురుగా ఎగిరి రావచ్చు కాబట్టి, నెట్టేవాళ్లను చక్రాలకు సూటిగా నిలబడొద్దని చెప్పండి. గాలి మళ్లీ నింపుకున్నాకే రోడ్డెక్కి స్పీడు పెంచండి. వర్షాకాలం పొలం గట్ల దారిలో బురదకి కూడా ఇదే పద్ధతి.

## ఆపాక, ఆ తర్వాత

పార్క్ చేసినప్పుడు గేర్‌లో వదిలెయ్యాలా?

హ్యాండ్ బ్రేక్‌తో పాటు వదలండి. ఎత్తు వైపు ముఖంగా ఉంటే ఫస్ట్, పల్లం వైపు ముఖంగా ఉంటే రివర్స్. తిరిగొచ్చాక స్టార్ట్ చేసే ముందు న్యూట్రల్ చూసుకోవడం, క్లచ్ తొక్కడం మరవకండి.

గేర్ రాడ్డు మీద చెయ్యి, క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపితే ఏమవుతుంది?

చేతి బరువు గేర్ బాక్స్ లోపలి భాగాల మీద పడి మెల్లగా అరుగుతాయి. క్లచ్ మీద కాలు ఆనించినా రిలీజ్ బేరింగ్, ప్లేటు తొందరగా పోతాయి. ఎడమ కాలు పక్కన నేల మీద పెట్టుకోండి.

గ్యాస్ మీద నడిపేటప్పుడు గేర్ మార్చే పద్ధతి మారుతుందా?

కాస్త. సీఎన్‌జీ మీద అదే ఇంజిన్‌కి బలం కొంచెం తగ్గుతుంది కాబట్టి పై గేర్‌కి కాస్త ఆలస్యంగా వెళ్లండి, కింది గేర్‌కి కాస్త ముందే రండి. పెద్ద ఎత్తులకు పెట్రోలుకి మార్చుకోవడం మంచిది.

క్లచ్ ప్లేటు అయిపోయిందని నాకు నేనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద 40లో ఫోర్త్ వేసి యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం గబుక్కున పెరిగి, స్పీడు మాత్రం పెరగకపోతే ప్లేటు జారుతోంది. శబ్దం, స్పీడు కలిసి మెల్లగా పెరిగితే ప్లేటు బాగానే ఉంది. జారుతున్న ప్లేటుతో ఘాట్ ఎక్కకండి, ఆ వారంలోనే మార్పించుకోండి.